సముద్రపు చేపలో దొరికిన పురుగు ఏ జాతిదో ఎలా తేల్చాలి?

మీరు అడిగింది రెండు పురుగుల గురించి: సావడాయి చేప కాలేయం మీద గడియారం స్ప్రింగులా చుట్టుకున్న తెల్లవి, గ్రూపర్ చేప జనలో, అంటే గుడ్ల సంచిలో, దొరికిన పొడవాటి ఎర్రది. ఫొటోలను బట్టి మొదటిది అనిసాకిస్ కుటుంబపు లార్వా, రెండోది ఫిలోమెట్రా కావచ్చు. రెండూ గుండ్రటి పురుగుల్లో రకాలే. అంతకు మించి ఫొటో చూసి చెప్పడం కుదరదు. అసలు గుర్తులు మైక్రోస్కోపులోనే కనబడతాయి.

ముందు అది గుండ్రటి పురుగేనా అన్నది చూసుకోండి. ఒళ్లు కణుపులు లేకుండా నున్నగా, రెండు కొసలా సన్నబడుతూ, లోపల నోటి నుంచి పేగు సాగుతూ ఉండాలి. ముందు కొసన కొక్కేల తొండం ఉండి, పేగు అసలే లేకపోతే అది ముళ్లతల పురుగు. కండలో బియ్యపుగింజలా తెల్లటి తిత్తి దొరికి, చీల్చితే కొక్కేలున్న నాలుగు తీగలు బయటికొస్తే అది బద్దెపురుగు పిల్ల. ఉష్ణమండల సముద్రాల గ్రూపర్లలో ఇవి మామూలే. చాలామంది పొరబడేది వీటి దగ్గరే.

పురుగును మంచినీళ్లలో వేయకండి. ఉబ్బి పగిలిపోతుంది, ఫిలోమెట్రా అయితే మరీ త్వరగా. లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు కలిపిన సెలైన్‌లో కడగండి. తర్వాత కొంచెం సెలైన్‌ను బుడగలు మొదలయ్యేదాకా కాచి అందులో వేస్తే పురుగు నిటారుగా సాగి చనిపోతుంది. అప్పుడు 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చండి. చల్లటి ఆల్కహాల్‌లో నేరుగా వేస్తే ముడుచుకుపోతుంది, ఇక ఏ కొలతా సరిగ్గా రాదు. ఆల్కహాల్‌నే వేడిచేయాలనుకుంటే వేడినీళ్ల గిన్నెలో పెట్టి చేయండి, మంట మీద వద్దు.

ఒళ్లు పారదర్శకం కావాలంటే 70 శాతం ఆల్కహాల్‌లో 5 శాతం గ్లిజరిన్ కలిపి, పురుగును అందులో ఉంచి మూత కొంచెం తెరిచిపెట్టండి. కొన్ని రోజుల్లో ఆల్కహాల్ ఎగిరిపోయి గ్లిజరిన్ మిగులుతుంది. లాక్టోఫినాల్ ఇంకా త్వరగా పనిచేస్తుంది గానీ చర్మాన్ని కాలుస్తుంది, గ్లౌజులు తప్పనిసరి.

అనిసాకిస్ బంధువులు మన కడుపులోని ఏలికపాములకు దాయాదులు. వీటిలో ప్రజాతిని, అంటే దగ్గరి జాతుల గుంపును, తేల్చేది అన్నవాహిక పేగుతో కలిసే చోటు. అక్కడ వెంట్రిక్యులస్ అనే భాగం పొడవుగా ఉండి, ముందుకీ వెనక్కీ ఏ కొమ్మా లేకపోతే అనిసాకిస్. పేగు నుంచి ముందుకు ఒక సంచి, అంటే సీకం, మాత్రమే ఉంటే టెర్రనోవా వర్గం. వెంట్రిక్యులస్ నుంచి వెనక్కి సాగే కొమ్మ, అంటే అపెండిక్స్, మాత్రమే ఉంటే రాఫిడాస్కారిస్. రెండూ ఉంటే కాంట్రాసీకం గానీ హిస్టెరోథైలేసియం గానీ. ఈ రెండింటినీ విడదీయాలంటే విసర్జక రంధ్రం చూడాలి: పెదవుల దగ్గరే ఉంటే కాంట్రాసీకం, వెనక్కి, అన్నవాహిక చుట్టూ ఉండే నాడీ వలయం దగ్గర ఉంటే హిస్టెరోథైలేసియం. ఈ రంధ్రాన్ని చూడకుండా పేరు పెట్టడమే అన్నిటికన్నా పెద్ద తప్పు.

అనిసాకిస్ అని తేలాక తోక చూడండి. తోక గుండ్రంగా ఉండి చివర చిన్న ముల్లు ఉంటే మొదటి రకం లార్వా. ఉష్ణ సముద్రాల అనిసాకిస్ టైపికా ఈ రకమే, కానీ అనిసాకిస్ పెగ్రెఫీ అనే జాతి కూడా ఇదే రకం. ఆకారంతో ఇవి విడిపోవు, డీఎన్ఏ కావాలి. డీఎన్ఏలో ఐటీఎస్ అనే భాగం, కాక్స్2 అనే జన్యువు వాడతారు. కాబట్టి ఒకే పురుగును వెంట్రిక్యులస్ దాటాక కోసి, తలా తోకా గ్లిజరిన్‌కి, నడుమ ముక్క 95 శాతం ఆల్కహాల్‌కి ఇవ్వండి. ఫార్మలిన్ తగిలిందంటే డీఎన్ఏ పాడైనట్టే.

ఎర్రదాని సంగతికొస్తే, లోపల వేలకొద్దీ కదిలే పిల్లలు కనిపిస్తే అది ఫిలోమెట్రా ఆడదనుకోవచ్చు. జాతి తేలాలంటే మగది కావాలి, అది కొన్ని మిల్లీమీటర్లే. అదే జనను సెలైన్‌లో విడదీసి, నల్లటి అడుగున్న పళ్లెంలో భూతద్దంతో ఓపిగ్గా వెతకండి. పేగులో దొరికిన ఎర్రపురుగుకి గోధుమరంగు గట్టి నోటి గూడు ఉంటే అది కమలానస్ కుటుంబం, ఫిలోమెట్రా కాదు.

తినడం గురించీ అడిగారు. పురుగు కాలేయం మీదే ఉన్నా, చేప చచ్చాక కొన్ని కండలోకి పాకుతాయి, అందుకే పొట్ట వెంటనే తీసేయాలి. బాగా ఉడికిన పులుసులో లార్వా బతకదు. ముక్క నడిమధ్య 60 డిగ్రీల వేడి ఒక నిమిషం తగిలితే చాలు. నిమ్మరసం, వెనిగర్‌ను నమ్ముకోవద్దు. అనిసాకిస్ అలర్జీ ఉన్నవాళ్లకి మాత్రం చచ్చిన పురుగు కూడా పడకపోవచ్చు.

సీసాలో వేసే చీటీ పెన్సిల్‌తోనే రాయండి, పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. చేప శాస్త్రీయ నామం, పొడవు, పట్టిన చోటు, తేదీ, పురుగు దొరికిన అవయవం, ఎన్ని దొరికాయి, అన్నీ ఉండాలి. ఉత్త సావడాయి అని రాస్తే సరిపోదు, ఆ పేరుతో ఒకటి కంటే ఎక్కువ జాతులు అమ్ముతారు.