హంపికి వెళ్లేముందు: మేనకోడలికి ఓ ఉత్తరం

చి.ల.సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పిల్లలతో హంపి వెళ్తున్నారని అక్కయ్య చెప్పింది. పొద్దున దిగి రాత్రి రైలెక్కేద్దామన్న ఆలోచన మానుకోండి. అది ఒక గుడి కాదమ్మా, 1336 నుంచి 1565 దాకా విజయనగర రాయలు ఏలిన రాజధాని. రెండు నిండు రోజులైనా ఉండాలి. గుంతకల్లు, బళ్లారి మీదుగా వెళ్లి హోసపేటలో దిగితే, అక్కణ్నుంచి పన్నెండు పదమూడు కిలోమీటర్లే.

అందరూ తిన్నగా విరూపాక్షుడి గుడికి పోతారు. మీరు ముందు కమలాపురం మ్యూజియానికి వెళ్లండి. శుక్రవారం సెలవు, చూసుకో. కొండలు, నదితో సహా ఊరంతా నమూనాగా చేసి పెట్టారక్కడ. తుంగభద్ర ఒడ్డున గుళ్లు, దక్షిణాన గోడల లోపల రాజుల నివాసాలు, ఈ రెంటి నడుమ కాలవ కింద పొలాలు. ఈ మూడూ పిల్లలకు వేలు పెట్టి చూపించు. రాయల కాలపు తుర్తు కాలవ ఇప్పటికీ ఆ అరటి తోటలకు నీళ్లిస్తోంది. ఇది తెలియకుండా తిరిగితే ఆటో ఆగిన చోటల్లా ఫొటో దిగి రావడమే అవుతుంది.

తర్వాత రాజప్రాంగణం. మన తెలుగువాళ్లు ఇక్కడ కృష్ణరాయల కవుల సభ భువనవిజయం కోసం వెతికి ఉసూరుమంటారు. రాజమందిరాలకు అడుగున పీఠమే రాయి, పైన ఎక్కువగా కర్ర. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడిపోయాక మంటల్లో కర్ర పోయింది, పీఠాలు మిగిలాయి. గుళ్లు నిలువెల్లా రాయి కాబట్టి నిలబడ్డాయి. సభామండపం అంటున్న పీఠం మీద స్తంభాలు నిలిపిన చోట్లు వరసకు పది చొప్పున పది వరసలు. పిల్లల చేత లెక్కపెట్టించు, మండపం వాళ్ల కళ్లముందు లేస్తుంది. దగ్గర్లోనే మెట్ల కోనేరు ఉంది. దాని నల్లరాళ్ల మీద పనివాళ్లు చెక్కిన గుర్తులుంటాయి, ఏ రాయి ఎక్కడ పేర్చాలో తెలియడానికి. నీళ్లు మోసిన రాతి కాలవ వెంట కాస్త నడవండి. నాకైతే హంపి మొత్తంలో మనసు నిలిచేది అక్కడే.

హజారరామ గుడి గోడల మీద రామాయణం మూడు వరసల్లో ఉంది. ఒక్కచోట నిలబడి పైనుంచి కిందికి చూస్తే కథ అతకదు. ప్రదక్షిణగా, వరసకొక చుట్టు తిరగాలి. ప్రాకారం బయటివైపు ఏనుగులు, గుర్రాలు, సైనికులు, నాట్యగత్తెలు బారులు తీరి ఉంటారు. మహర్నవమి ఉత్సవం ఎలా సాగేదో అది చూస్తే తెలుస్తుంది.

లోటస్ మహల్, ఏనుగుల సాల చూసిన టికెట్టే విఠలాలయానికీ పనిచేస్తుంది, కానీ ఆ రోజుకు మాత్రమే. పారేయకుండా దాచి, సాయంత్రంలోపు విఠలాలయం ముగించండి. బండ్లు ఆపే చోటు నుంచి గుడిదాకా బ్యాటరీ బండి ఉంది. పిల్లలు సంగీత స్తంభాలను తట్టకుండా చూసుకో. జనం తట్టీ తట్టీ పాడయ్యాయనే ఆపేశారు.

రెండోరోజు పొద్దున్నే విరూపాక్ష గుడి, హేమకూటం. విరూపాక్ష గుడిలోని చీకటిగదిలో గోపురం నీడ తలకిందులుగా పడుతుంది, అడిగి చూడండి. మధ్యాహ్నం రాతి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడలేరు, మేజోళ్లు పెట్టుకో. దారిలో కృష్ణాలయం తప్పించకు. నెల్లూరు సీమ ఉదయగిరిని గజపతుల నుంచి గెలిచి, అక్కణ్నుంచి బాలకృష్ణుణ్ని తెచ్చి కృష్ణరాయలు కట్టించింది. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. పక్కనే 1528 నాటి ఏకశిలా నరసింహుడు, ఇరవై రెండడుగులు.

ఓపికుంటే నది అవతలి ఒడ్డున ఉన్న ఆనెగొంది ఊరు కూడా. డ్యామ్ నుంచి నీళ్లు వదిలిన రోజుల్లో పుట్టి ఎక్కొద్దు, ఎవరెంత ధైర్యం చెప్పినా సరే. వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లండి. మార్చి నుంచి మే దాకా ఎండకు పిల్లలు తాళలేరు, సంక్రాంతి సెలవులకే పెట్టుకోండి.

మీ మామయ్య