అడుగున మిగిలిన గుడ్లు

చి.ల.సౌ. చిట్టికి అమ్మమ్మ దీవెనలు.

పన్నెండు వనరాజా జాతి కోడిపెట్టల్ని, ఒక పుంజును తెచ్చి పెరట్లో వదిలావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఉద్యోగం చేసుకుంటూ ఇదెక్కడి తద్దినమని గొణుక్కున్నాను. రాత్రి మీ తాతయ్యకు మాత్రం ‘మన పిల్లే పెంచుతోంది’ అని రెండుసార్లు చెప్పుకున్నాను. మేత, నీళ్లు సంగతి నీకు తెలుసు. చీకటి పడకముందే గూటి తలుపు వేయి. నా బెంగంతా గుడ్ల గురించే. తినేది ఇద్దరు, రోజుకు అయిదారు గుడ్లు. వారం తిరిగేసరికి ఎన్నవుతాయో లెక్క వేసుకో.

1986 వైశాఖం. మా అత్తగారు గుడ్లను తవుడు పోసిన కుండలో దాచేవారు. కొత్తవి అడుగున సర్ది, పాతవి పైకి తెచ్చేవారు. ఈ తిరకాసు ఎందుకని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఆవిడ నెల రోజులు కూతురి ఊళ్లో ఉండిపోతే కుండ నా చేతికొచ్చింది. పొద్దున పైన పెట్టడం, సాయంత్రం పైనుంచే తీయడం. అడుగువి అడుగునే ఉన్నాయి. బయట వడగాడ్పు.

ఆడపడుచును పురిటికి తీసుకుని ఆవిడ వచ్చిన రోజున, ఘనంగా అట్లు వేద్దామని కుండంతా ఖాళీ చేశాను. ఒకే గిన్నెలో వరసగా కొట్టాను. ఎనిమిది బాగున్నాయి. తొమ్మిదోది అంచుకు తగలగానే టప్పున పేలింది. నల్లటి నీళ్లు గిన్నెలోకి, నా చీర మీదికి. ఆ కంపుకి నిండు చూలాలు పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకుంది. అత్తగారు పల్లెత్తు మాట అనలేదు. గిన్నె తీసుకెళ్లి కరివేపాకు చెట్టు మొదట్లో గుంట తీసి పూడ్చారు. ఆ ఏడు చెట్టు ఏపుగా పెరిగింది. రెమ్మ తుంచాలంటే నాకే చెయ్యి వచ్చేది కాదు.

అందుకే, ప్రతి గుడ్డు మీదా పెన్సిలుతో తేదీ వేయి. ఈ వారానివి ఒక బుట్టలో, పోయిన వారానివి ఒక బుట్టలో. ముందు పాత బుట్ట ఖాళీ కావాలి. సన్నటి కొన కిందికి ఉండాలి. కడిగి దాచకు తల్లీ, పెంకు మీది సన్నటి పొర పోతే రంధ్రాల్లోంచి మురికి లోపలికి దిగుతుంది. పెంట అంటుకున్నదైతే కడిగి, పెంకు చిట్లినదైతే కడగకుండానే, ఆ పూటే బాగా ఉడికించేయి. పుంజు తిరిగే పెరట్లో గుడ్డుకు జీవం ఉంటుంది, పెట్ట పొదగకపోయినా మే నెల ఎండకే కదలడం మొదలవుతుంది. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఏరి ఫ్రిజ్‌లో పెట్టు. తలుపులో కాదు, లోపలి అరలో. అనుమానమొస్తే నీళ్లలో వేసి చూడు. పడుకుంటే తాజాది, నిలబడితే పాతబడింది, తేలితే పారేయి.

వచ్చే నెల వస్తున్నాం. గుడ్ల పులుసు పెడతానంటే వారం దాటినవి ఉంచు, తాజావి ఉడికిస్తే పెంకుతో పాటు తెల్లసొనా ఊడొస్తుంది. అట్టు వేసినా సరే, ఒక్కో గుడ్డునూ విడిగా చిన్న గిన్నెలో కొట్టి చూసుకున్నాకే పెద్ద గిన్నెలో కలుపు. నేను పక్కనే నిలబడి చూస్తాను.

మీ అమ్మమ్మ