ఎమ్‌డాక్ పేజీ నీ చేతికొచ్చిందటగా!

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి అవీ ఇవీ చెప్పి, పెట్టేసే ముందు అన్నాడు: "నీ మేనకోడలు కూడా నీ దారే పట్టిందక్కా. ఎమ్‌డాక్ రిఫరెన్స్ పేజీ ఇకమీదట అదే చూసుకుంటుందట." ఫోన్ పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. చిన్నప్పుడు నా కుర్చీ పక్కన నిలబడి తెర మీద వేలు పెట్టి, "ఈ లైన్లన్నీ చుక్కతో ఎందుకు మొదలవుతాయత్తా?" అని అడిగేదానివి. ఆ చుక్క లైన్లే ఎమ్‌డాక్, యూనిక్స్ కమాండ్ల మాన్యువల్ పేజీలు రాయడానికి వాడే మాక్రోలు, అంటే ఆజ్ఞలు. ఇప్పుడు ఆ చుక్కల అర్థం అందరికీ చెప్పే పేజీ నీదయింది. నాకెంత గర్వంగా ఉందో మాటల్లో చెప్పలేను. దానితోపాటే గుండెలో దడ కూడా మొదలైంది. అందుకే పొద్దున్నే లేచి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా భయమేమిటో ముందే చెప్తాను. ఒక కమాండ్ పేజీలో తప్పుంటే ఆ కమాండ్ వాడేవాళ్లకే ఇబ్బంది. పేజీలు ఎలా రాయాలో చెప్పే పేజీలో తప్పుంటే, దాన్ని ముందు పెట్టుకుని రాసిన ప్రతి పేజీలోకీ ఆ తప్పు పాకుతుంది. నువ్వు సరిదిద్దినా, వాళ్ల పేజీలు వాటంతటవి మారవు. ఇది నా అనుభవంలోకి వచ్చిన సంగతి. దాని దగ్గరికే వస్తున్నాను.

మామూలు విషయాలు నీకు తెలుసు, అయినా ఒక్క మాట అనేసి పోతాను. మార్పు చేసిన ప్రతిసారీ పైన తేదీ మార్చు. కొత్త వాక్యం కొత్త లైన్లో మొదలుపెట్టు. మనం రాసిన మూలాన్ని చదివే పేజీగా మార్చే ఫార్మాటర్ మ్యాన్‌డాక్ ఉంది కదా, దాని తప్పులు పట్టే లింట్ నడపకుండా ఏదీ పంపకు. ఇంకో ఫార్మాటర్ జీ-రాఫ్‌లో కూడా హెచ్చరికలన్నీ ఆన్ చేసి ఓసారి చూడు, రెండూ ఒకే తప్పును పట్టుకోవు. 'ఇవి కూడా చూడండి' విభాగంలో పేర్లు ముందు సెక్షన్ నంబరు వరసలో, ఆ తర్వాత అక్షరాల వరసలో ఉండాలి. పేరు పక్కన ఉండే ఒక్క లైను వివరణ మీద శ్రద్ధ పెట్టు. అప్రోపోస్ కమాండ్‌తో పేజీలు వెతికేవాళ్లకి ముందు కనపడేది అదే.

ఇక నా తప్పు సంగతి.

పేజీ నా చేతికొచ్చిన రెండో ఏడు. ప్రత్యేక అక్షరాల విభాగం గజిబిజిగా ఉందని కూర్చుని మొత్తం తిరగరాశాను. ఎమ్‌డాక్ కింద ఉన్న రాఫ్ భాషలో బ్యాక్‌స్లాష్ మామూలు అక్షరం కాదు కదా, దాని వెనకాల వచ్చే అక్షరానికి వేరే అర్థం వచ్చేస్తుంది. తెర మీద బ్యాక్‌స్లాష్ బొమ్మే కనపడాలంటే మూలంలో బ్యాక్‌స్లాష్ రాసి, దాని పక్కన ఇంగ్లీషు చిన్న 'ఈ' (e) రాయాలి. ఈ మాటే చెప్పాలనుకున్నాను. "బ్యాక్‌స్లాష్ కనపడాలంటే ఇలా రాయండి" అని వాక్యం పెట్టి, దాని కింద ఉదాహరణగా బ్యాక్‌స్లాష్, ఈ అని రాశాను. మూలంలో చూస్తే ముచ్చటగా ఉంది. నాలుగుసార్లు చదువుకున్నాను. లింట్ నోరెత్తలేదు. ఎత్తడానికి అందులో తప్పేముంది? నియమం ప్రకారం అంతా సరిగ్గానే ఉంది.

కానీ మన పేజీ కూడా ఎమ్‌డాక్‌లో రాసిందే కదమ్మా! నేను ఉదాహరణ అనుకున్నదాన్ని ఫార్మాటర్ ఆజ్ఞ అనుకుంది. బ్యాక్‌స్లాష్, ఈ కలిపి మింగేసి, తెర మీద ఒంటి బ్యాక్‌స్లాష్ పెట్టింది. చదివేవాళ్లకి నా పేజీ చెప్పింది ఇదీ: "బ్యాక్‌స్లాష్ కనపడాలంటే బ్యాక్‌స్లాష్ రాయండి." చదివినవాళ్లు తలూపి, అలాగే రాశారు. అక్కడ ఉండాల్సింది బ్యాక్‌స్లాష్, ఈ, ఈ. మొదటి రెండూ కలిసి బ్యాక్‌స్లాష్ అవుతాయి, మూడోది ఈగానే మిగులుతుంది. ఒక్క అక్షరం తక్కువ రాశాను.

రెండేళ్లకు పైగా అది అలాగే ఉంది. ఒకరోజు ఒక కుర్రాడు ఎంతో మర్యాదగా ఉత్తరం రాశాడు. తను ఒక లైబ్రరీ ఫంక్షన్‌కి పేజీ రాశాడట. ఉదాహరణలో "హలో" అని ప్రింట్ చేసి బ్యాక్‌స్లాష్, ఎన్‌తో కొత్త లైనుకి వెళ్లే ఒక సీ భాష ప్రింట్ఎఫ్ లైను ఉంది. ఆ లైను తెర మీద చూస్తే హలో పక్కన సున్నా వస్తోంది, మూసే కొటేషన్ గుర్తు మాయమవుతోంది. సున్నా ఎక్కడిదో అతనికి అర్థం కాలేదు. నాకు చూడగానే అర్థమైంది, కాళ్ల కింద నేల కదిలినట్టయింది. బ్యాక్‌స్లాష్ పక్కన 'ఎన్' వస్తే, రాఫ్ దృష్టిలో అది కొత్త లైను కాదు. "తర్వాతి అక్షరం పేరుతో ఉన్న నంబర్ రిజిస్టర్ విలువ ఇక్కడ పెట్టు" అని అర్థం. నంబర్ రిజిస్టర్ అంటే రాఫ్ ఒక అంకె దాచుకునే చోటు. అతని లైన్లో తర్వాత ఉన్నది కొటేషన్ గుర్తు. ఫార్మాటర్ దాన్నే రిజిస్టర్ పేరనుకుంది. ఆ పేరుతో రిజిస్టర్ లేదు కాబట్టి విలువ 0. అందుకే గుర్తు పోయి సున్నా వచ్చింది. ఉత్తరం చివర అతను రాసిన మాట నాకింకా గుర్తుంది: "మీ పేజీలో చెప్పినట్టే రాశానండీ."

పేజీ దిద్దడానికి రెండు నిమిషాలు పట్టింది. తర్వాత మా మూలాల్లో ఉన్న పేజీలన్నీ తెరిచి, ఉదాహరణల్లో అనుమానంగా ఉన్న ప్రతి బ్యాక్‌స్లాష్‌నీ చేత్తో వెతికాను. ఒకచోట ఫైల్ దారిలో అక్షరాలు ఎగిరిపోయి ఉన్నాయి. ఒకచోట మొత్తం లైనులో సగం లేదు, ఎందుకంటే బ్యాక్‌స్లాష్ పక్కన కొటేషన్ గుర్తు వస్తే అక్కణ్నుంచి లైను చివరిదాకా వ్యాఖ్య అయిపోతుంది. వాటిలో ఎన్ని నా వాక్యం చూసి రాసినవో తేల్చే దారి లేదు. మా దగ్గర లేని పేజీల్ని నేను దిద్దలేను కూడా. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

నేను చేసిన అసలు తప్పు ఆ 'ఈ' అక్షరం కాదు తల్లీ. మూలాన్ని నాలుగుసార్లు చదివినదాన్ని, తెర మీద వచ్చినదాన్ని ఒక్కసారి కూడా చదవలేదు. ఫార్మాట్ అవుతోందా లేదా అని చూశానంతే. ఆ తర్వాత ఒక అలవాటు చేసుకున్నాను, నువ్వూ చేసుకో. మార్పు అయ్యాక మూలం ఫైలు మూసెయ్. పేజీని తెర మీద తెరువు. అందులో కనపడే ఉదాహరణని అక్కణ్నుంచే కాపీ చేసి, ఖాళీ ఫైల్లో అతికించి, మళ్లీ ఫార్మాట్ చెయ్. పేజీ చెప్పినట్టే వస్తోందా? టెర్మినల్లో చూశాక పీడీఎఫ్‌లో, హెచ్‌టీఎమ్ఎల్‌లో కూడా చూడు. ఇంకో సంగతి: గుర్తుని బొమ్మగా చూపించడంతో ఆగకు, మాటల్లో కూడా చెప్పు. "బ్యాక్‌స్లాష్, దాని పక్కన చిన్న ఈ" అని నేనా రోజు రాసి ఉంటే, ఉదాహరణ తప్పు వచ్చినా చదివేవాళ్లకి అనుమానమైనా వచ్చేది.

హైఫన్ గొడవ కూడా ఈ కోవలోదే. కాపీ చేసిన ఆప్షన్ కమాండ్ లైన్లో పని చెయ్యట్లేదని ఎవరైనా మొత్తుకుంటే, ముందు ఆ గీత ఏ గీతో చూడు. ఎమ్‌డాక్ కన్నా పాతవైన మ్యాన్ మాక్రోల్లో ఉత్త గీత రాస్తే, కొన్ని సెట్టింగుల్లో అది కమాండ్‌కి కావాల్సిన గీత కాక యూనికోడ్ హైఫన్‌గా అచ్చవుతుంది. 2023లో వచ్చిన జీ-రాఫ్ 1.23 తర్వాత ఇది చాలామంది కంట పడింది. ఎమ్‌డాక్‌లో ఆప్షన్‌కి ఎఫ్ఎల్ మాక్రో వాడితే సరైన గీత అదే వేస్తుంది. ఎమ్‌డాక్ అంటే నాకంత ఇష్టం అందుకే. 1979లో యూనిక్స్ ఏడో ఎడిషన్‌తో వచ్చిన మ్యాన్ మాక్రోలు "ఇది బొద్దుగా, ఇది వాలుగా" అని చెప్తాయి. 1990 ప్రాంతంలో బర్క్‌లీలో సింథియా లివింగ్‌స్టన్ రాసిన ఎమ్‌డాక్ "ఇది ఆప్షన్, ఇది ఫైల్ దారి, ఇది ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్" అని చెప్తుంది. ఫలానా వేరియబుల్ ఏ ఏ పేజీల్లో ఉందో మ్యాన్‌డాక్ వెతికి పెట్టగలిగేది అందుకే. కాబట్టి రిఫరెన్స్‌లో ఒక మాక్రో గురించి రాసేటప్పుడు ఎలా కనపడుతుందో ముందు రాయకు. దేనికి వాడాలో, దేనికి వాడకూడదో ముందు రాయి.

నీకు చేతులు దురద పెడతాయని నాకు తెలుసు. పాత మాక్రోల పేర్లు చూసి, ఇవింకెందుకు, తీసేద్దాం అనుకుంటావు. తీసెయ్యకు! బీటీ అని ఒక మాక్రో ఉంది, దాని పనల్లా 'ప్రస్తుతం బీటా పరీక్షలో ఉంది' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు ముక్కను అచ్చెయ్యడం. కొత్త పేజీలో ఎవరూ వాడకూడదు. అయినా ఎక్కడో ఒక పాత పేజీలో అది కనపడినప్పుడు, ఇదేమిటా అని మన పేజీకే వస్తారు. "కొత్త పేజీల్లో వాడవద్దు, బదులు ఇది వాడండి" అని ఒక్క లైను రాసి అక్కడే ఉంచు. వెతుక్కుంటూ వచ్చినవాళ్లని ఉత్త చేతులతో పంపకూడదు.

ఏదైనా మార్చినప్పుడు ఎందుకు మార్చావో కూడా కమిట్ సందేశంలో రాయి. ఈ విషయంలో నాది చాదస్తమే అనుకో. రాఫ్ కుటుంబంలోని ట్రాఫ్ ఫార్మాటర్ రాసిన జో ఒసానా 1977లో చనిపోయారు. ఆ ప్రోగ్రాం బాధ్యత తర్వాత బ్రయాన్ కెర్నిగన్ తీసుకున్నారు. ఒకరు రాసినదాన్ని, అడగడానికి ఆ మనిషి లేనప్పుడు చదవడం ఎంత కష్టమో ఎవరికి వాళ్లకి తెలియాల్సిందే. నాకు ముందు ఈ పేజీ చూసినవాళ్లు ఒక పేరాని వింతగా రాశారు. అది తెలివితక్కువ అనుకుని మార్చేశాను. రెండు ఫార్మాటర్ల మధ్య ఉన్న తేడా కోసం అలా రాశారని ఆర్నెల్ల తర్వాత తెలిసింది. నేను రాసినవాటిలో నీకు వింతగా కనిపించేది ఏదైనా ఉంటే, నన్నడుగు. నేనింకా ఉన్నాను కదా.

కోపంగా రాసేవాళ్లూ ఉంటారు. "ఈ పేజీ ఎవరికీ అర్థం కాదు" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. ఆ రాత్రికి జవాబివ్వకు. పొద్దున లేచి, ఏ వాక్యం దగ్గర ఆగిపోయారో అడుగు. సగం సార్లు వాళ్లన్నదే నిజమని తేలుతుంది. అన్నీ ఒక్కదానివే మీదేసుకోకు కూడా. నేను వేసుకున్నాను. కళ్లు పాడు చేసుకున్నాను. మీ నాన్న పెళ్లిరోజున కూడా ఒక మూల కూర్చుని ప్యాచ్ చూశాను, అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. నీ పక్కన ఇంకొకరిని ఇప్పటినుంచే కూర్చోబెట్టుకో.

మొదటి మార్పు ఏం చేస్తున్నావో నాకు పంపు. మూలం వద్దు, తెర మీద వచ్చినదాన్నే పెద్ద అక్షరాల్లో పీడీఎఫ్ చేసి పంపు. నాకు మూలం చూడగానే మెదడు తప్పుల్ని సర్దేసుకుంటుంది, అందుకని. ఆదివారం ఫోన్ చెయ్, నేను పైకి చదువుతాను, నువ్వు మూలం ముందు పెట్టుకుని విను.

మీ అత్త