కెనాన్ 1500డి కొంటే షాపువాళ్ళు చెప్పే కాంబో కిట్ తీసుకోవచ్చా? గైడ్ పుస్తకం కూడా అవసరమా?

మీ ప్రశ్న ఇదీ: కాకినాడలో ఉంటున్నారు, 18-55 లెన్సుతో 1500డి తీసుకున్నారు. ఇంట్లో ఫంక్షన్లు, బీచ్ ఫొటోలు, అప్పుడప్పుడు వీడియో. షాపులో మైకు, ఫ్లాష్, యూవీ ఫిల్టరు, ముందు బిగించే వైడ్ లెన్సు, బుల్లి ట్రైపాడ్, క్లీనింగ్ సామాను అన్నీ కలిపి ఒక కిట్ అంటున్నారు. తీసుకోవాలా, పైగా ఏదైనా గైడ్ కూడా కొనాలా అని అడిగారు.

కిట్ వద్దు. అందులో ఒక వస్తువు మీ కెమెరాకి అసలు తగలదు. ఇంకోటి వెలగకపోవచ్చు. మిగతావి విడిగా చూసి కొంటే మంచివి వస్తాయి.

ముందు మైకు సంగతి. కెమెరా ఎడమ పక్కన రబ్బరు మూత తీసి చూడండి. రిమోట్‌కి ఒకటి, యూఎస్‌బీకి ఒకటి, మినీ హెచ్‌డీఎంఐకి ఒకటి, మొత్తం మూడే రంధ్రాలు. మైకు పెట్టే చోటే లేదు. ఆ గుండ్రటి చిన్న రంధ్రం రిమోట్‌ది, 2.5 మి.మీ. మైకు పిన్ను 3.5 మి.మీ. మధ్యలో కన్వర్టర్ పెట్టి దూర్చినా శబ్దం రికార్డవదు. మంచి శబ్దం కావాలంటే కాలరు మైకుని ఫోన్‌కి పెట్టి అందులోనే రికార్డు చేయండి. రెండూ నడుస్తుండగా కెమెరా ముందు ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఎడిటింగ్‌లో రెండు ట్రాకుల్లోనూ ఆ చప్పట్ల దగ్గర గీత నిలువుగా లేస్తుంది, ఆ రెండూ కలిపితే సరిపోతుంది.

ఫ్లాష్ దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి. కెమెరా నెత్తిన ఫ్లాష్ తొడిగే షూ ఉంటుంది కదా, అక్కడ మధ్యలో గుండ్రటి లోహపు చుక్క ఉందో లేదో చూడండి. కెనాన్ ఈ మధ్య కాలపు చవక బాడీల్లో, అంటే 1500డి, 3000డి, 200డి మార్క్ 2 వంటివాటిలో, ఆ మధ్య చుక్క తీసేసింది. వెనక వైపు ఉండే కెనాన్ సొంత చుక్కలు మాత్రమే మిగిలాయి. కిట్‌లో వచ్చే మాన్యువల్ ఫ్లాష్‌కి కింద ఒకటే పిన్ను ఉంటుంది, అది ఆ మధ్య చుక్కనే నమ్ముకున్నది. చుక్క లేకపోతే ఎన్ని బ్యాటరీలు మార్చినా వెలగదు. గోడాక్స్ టీటీ600 లాంటి మంచి ఫ్లాష్ అయినా అంతే, దానికీ ఒకటే పిన్ను. దాన్ని వాడాలంటే షూ మీద కెనాన్ రకం ట్రిగ్గర్, అంటే ఫ్లాష్‌ని వైర్ లేకుండా వెలిగించే పరికరం, పెట్టాలి. గోడాక్స్ ఎక్స్2టీ-సి ఈ కొత్త షూలకి పనిచేస్తుంది, ఫర్మ్‌వేర్, అంటే దాని లోపలి సాఫ్ట్‌వేర్, మాత్రం తాజాదై ఉండాలి.

షాపులోనే పరీక్షించండి. చాలామంది ఫ్లాష్ వెనకున్న టెస్ట్ బటన్ నొక్కి, వెలిగింది కాబట్టి బాగానే ఉందనుకుని ఇంటికి తెచ్చుకుంటారు. ఆ బటన్‌కీ కెమెరాకీ సంబంధం లేదు. ఫ్లాష్ తొడిగి, మోడ్ డయల్ ‘ఎం’ మీద పెట్టి, షట్టర్ 1/125 పెట్టి, వ్యూఫైండర్‌లోంచి, అంటే కన్ను ఆనించి చూసే కిటికీలోంచి, చూస్తూ షట్టర్ బటనే నొక్కాలి. తెర మీద చూస్తూ, అంటే లైవ్ వ్యూలో, తీస్తే వేరే కంపెనీ ఫ్లాష్ వెలగకపోవచ్చు. అది చూసి ఫ్లాష్ పాడైందనుకోకండి. ఈ కెమెరాలో ఫ్లాష్‌తో షట్టర్ 1/200 దాటకూడదు. దాటితే ఫొటోలో ఒక అంచున నల్లటి పట్టీ పడుతుంది.

ఫిల్టర్ కొలత మీ లెన్సు మీదే రాసి ఉంటుంది. సున్నాకి అడ్డగీత కొట్టినట్టుండే గుర్తు పక్కన 58 అని. మీరు తర్వాత 55-250 లెన్సు కొన్నా 58 సరిపోతుంది, 50 ఎఫ్/1.8 ఎస్‌టీఎం లెన్సు కొంటే మాత్రం 49 కావాలి. యూవీ ఫిల్టర్ వల్ల డిజిటల్‌లో ఫొటో మెరుగుపడదు, సెన్సర్ ముందు ఆ పని చేసే గాజు ఎప్పుడో ఉంది. బీచ్‌లో ఉప్పు తుంపరలు, హోళీలో రంగులు, పసుపు ఫంక్షన్‌లో చల్లే పసుపునీళ్ళు, వీటి నుంచి అడ్డుగా మాత్రం పనికొస్తుంది. కిట్‌లోది పూత లేని గాజు. రాత్రి సీరియల్ బల్బుల మీద గురిపెడితే ప్రతి బల్బుకీ ఎదురుగా ఇంకో ఆకుపచ్చ బల్బు కనిపిస్తుంది. మల్టీ కోటెడ్ అని ఉన్నది ఒకటి తీసుకోండి, రాత్రిపూట దాన్నీ తీసేయండి. దెబ్బల నుంచి కాపాడేది నిజానికి హుడ్, అంటే లెన్సు ముందు తొడిగే గొట్టం. మీ లెన్సు 18-55 ఐఎస్ 2 అయితే దానికి సరిపోయేది ఈడబ్ల్యూ-60సి.

ముందు బిగించే వైడ్ లెన్సు, టెలీ లెన్సు గురించి ఒక్క మాట: అంచులన్నీ అలుక్కుపోతాయి. అంతకంటే నష్టం ఇంకోటుంది. 18-55 ఐఎస్ 2 ఫోకస్ చేసుకునేటప్పుడు ముందు భాగం గుండ్రంగా తిరుగుతుంది. దాని మీద అంత బరువు వేలాడితే చిన్న మోటారు ఈడ్చుకుంటుంది. ఇదే కారణంగా సీపీఎల్ ఫిల్టర్ (నీళ్ళు, గాజు మీది మెరుపు తగ్గించేది) వాడితే ముందు ఫోకస్ చేసి, ఆ తర్వాతే ఫిల్టర్ తిప్పుకోవాలి.

బ్యాటరీ ఎల్‌పీ-ఈ10, అసలుది 860 ఎంఏహెచ్. వ్యూఫైండర్‌తో సుమారు 500 ఫొటోలు వస్తాయి, లైవ్ వ్యూ వాడితే సగానికి పడిపోతుంది. పెళ్ళికి వెళ్తే రెండోది తప్పనిసరి. వేరే కంపెనీవి పనిచేస్తాయి కానీ అదే సైజు డబ్బాలో 2000 ఎంఏహెచ్ అని రాస్తే ఆ అంకె అబద్ధం. ఉబ్బినట్టు అనిపించిన బ్యాటరీని బలవంతంగా దూర్చకండి, మళ్ళీ బయటికి రాదు.

కార్డుకి పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఈ కెమెరా సెకనుకి 3 ఫొటోలే తీస్తుంది, వీడియో ఫుల్ హెచ్‌డీ వరకే. క్లాస్ 10 ఉన్న 32 జీబీవి రెండు, ఒక 128 కంటే మేలు. ఒకటి పోయినా సగమే పోతుంది. నకిలీ కార్డుల బెడద మాత్రం ఎక్కువ. కొన్న రోజే కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ నడపండి. కార్డు నిండా రాసి, తిరిగి చదివి, తేడా ఉంటే చెప్తుంది. సెకనుకి 20 ఎంబీ చొప్పున 32 జీబీ రాయడానికే అరగంట పడుతుంది, తొందరపడి మధ్యలో ఆపొద్దు. నకిలీదైతే మొదటి కొన్ని జీబీలు బాగానే ఉండి, ఆ తర్వాతి ఫైళ్ళు తెరుచుకోవు. మామూలుగా వాడి చూస్తే దొరకని మోసం ఇది. తర్వాత కెమెరాలోనే ఫార్మాట్ చేసుకోండి.

ఇక మీ ఊరికి అన్నిటికంటే ముఖ్యమైన యాక్సెసరీ కిట్‌లో లేనే లేదు: గాలి చొరబడని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా. కోస్తా ఉక్కపోతలో, గాలిలో తేమ 60 శాతం దాటిన చోట, బ్యాగులోనే మూసి ఉంచిన లెన్సులో సాలెగూడు తీగల్లా బూజు మొలుస్తుంది. గాజు పూతను తినేశాక ఇక తుడిచినా పోదు. 10-15 లీటర్ల డబ్బాలో 200 గ్రాముల సిలికా జెల్ గుడ్డ సంచీలో కట్టి, పక్కన చిన్న తేమ మీటర్ పెట్టండి. ముల్లు 40-50 మధ్య ఉండాలి. 30 కంటే తగ్గితే రబ్బరు ఎండిపోతుంది, కాస్త జెల్ తీసేయండి. నారింజ రంగుది ఆకుపచ్చగా మారిందంటే నిండిపోయిందని గుర్తు. 110-120 డిగ్రీల ఓవెన్‌లో గంటా రెండు గంటలు ఉంచితే మళ్ళీ పనికొస్తుంది. నీలం రంగుది కొనకండి, అందులో కోబాల్ట్ ఉంటుంది, వంట గిన్నెల్లో వేడిచేయడం మంచిది కాదు. బియ్యంలో పెట్టమనే సలహా వినొద్దు, ఆ పిండి దుమ్మంతా లెన్సు మీదికే వస్తుంది. కలరా ఉండలూ వద్దు.

లెన్సు తుడవడానికి ముందు రబ్బరు బ్లోయర్‌తో ఊదండి, కెమెరా నోరు కిందికి ఉంచి. ఇసుక రేణువు ఉండగా గుడ్డ పెట్టారంటే గీత ఖాయం. ద్రవం గుడ్డ మీద రెండు చుక్కలు వేసుకోవాలి, గాజు మీద పోస్తే అంచుల్లోంచి లోపలికి దిగుతుంది.

ట్రైపాడ్ గురించి: కెమెరా, లెన్సు కలిపి 675 గ్రాముల దాకా ఉంటాయి. ఫోన్‌కి చేసిన బుల్లి ట్రైపాడ్ ముందుకి ఒరిగిపోతుంది. మధ్య కర్ర ఎత్తకుండానే ఛాతీ దాకా వచ్చేది తీసుకోండి. దాని మీద పెట్టాక లెన్సు పక్కనున్న స్టెబిలైజర్ (చేతి వణుకు తగ్గించేది) స్విచ్ ఆపేసి, 2 సెకన్ల టైమర్‌తో తీయండి.

గైడ్ పుస్తకం డబ్బు పెట్టి కొనక్కర్లేదు. కెనాన్ సైట్‌లో పూర్తి మాన్యువల్ పీడీఎఫ్ ఉచితం, పెట్టెలో వచ్చే పల్చటి కాగితం చూసి అదే మాన్యువల్ అనుకోకండి. ఇదే కెమెరాని యూరప్‌లో 2000డి అనీ, అమెరికాలో రెబెల్ టీ7 అనీ అమ్ముతారు. ఆ పేర్లతో వెతికితే పాఠాలు నాలుగింతలు దొరుకుతాయి, మెనూలు అవే. మొదటి పేజీ నుంచి చివరి దాకా చదవాలని పెట్టుకుంటే ఇరవయ్యో పేజీలో ఆగిపోతారు. వ్యూఫైండర్ పక్కనున్న చిన్న చక్రంతో చూపు సరిచేసుకోవడం, 9 ఫోకస్ చుక్కల్లో మధ్యదాన్నే ఎంచుకోవడం, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటోలో వెలుగు పెంచి తగ్గించుకోవడం), చివర్లో ఎర్రర్ నంబర్ల పట్టిక, ఈ నాలుగూ ముందు చూడండి. ‘ఎర్రర్ 01’ అంటే చాలాసార్లు లెన్సు వెనకున్న బంగారు రంగు చుక్కల మీద మురికి, పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది. ‘ఎర్రర్ 02’ వస్తే కార్డు తీసి మళ్ళీ పెట్టండి.

వీడియోకి ముందు సెటప్ మెనూలో వీడియో సిస్టమ్ ‘పాల్’ ఉందో లేదో చూసుకోండి. మన కరెంటు 50 హెర్ట్జ్. ‘ఎన్‌టీఎస్‌సీ’లో ఉంటే ట్యూబ్‌లైట్ల కింద తెర అలలు అలలుగా కొట్టుకుంటుంది. పాల్‌లో పెట్టి, మూవీ ఎక్స్‌పోజర్ మాన్యువల్ చేసి, షట్టర్ 1/50 ఉంచండి. ఏసీ గదిలోంచి బీచ్‌కి వెళ్ళేటప్పుడు కెమెరాని పాలిథిన్ కవర్లో బిగించి తీసుకెళ్ళి, బయట అరగంట అయ్యాకే తెరవండి. తొందరపడి తీస్తే లెన్సంతా చెమట పడుతుంది.