విమానం రిటైర్ చేస్తున్నారని నోటీసొచ్చింది: నా 1/16 వాటా సంగతేంటి?

ఒక జెట్‌ను పలువురు వాటాలుగా పంచుకుంటే కంపెనీ నడిపిపెట్టే పథకం (ఫ్రాక్షనల్ ఓనర్‌షిప్) ఇది. ముందు మీది కొనుగోలు వాటానా, లీజా చూడండి. అమెరికా విమానయాన నిబంధనల్లో (పార్ట్ 91, సబ్‌పార్ట్ కె) రెండూ చెల్లుతాయి. లీజైతే అమ్మకం ధర బెంగ మీకు లేదు. కంపెనీ వేరే విమానానికి మార్చి గడువు పూర్తి చేస్తుందా అన్నదొక్కటే అడగండి.

కొన్న వాటా అయితే, మీకు రావాల్సిన ప్రయాణ గంటలు పోతాయన్న భయం అనవసరం. యజమానులంతా ఒకరి విమానం ఒకరికిచ్చుకునే డ్రై లీజ్ (సిబ్బంది లేకుండా విమానం మాత్రమే ఇచ్చే) ఒప్పందం మీద సంతకం చేసి ఉంటారు. మీ పేరున్న విమానం మీరు ఎక్కే ఉండకపోవచ్చు కూడా!

దెబ్బ తగిలేది ధర దగ్గర. 1/16 వాటాకి సాధారణంగా ఏడాదికి 50 గంటలు. 16 వాటాలూ వాడితే 800, అయిదేళ్లకు 4,000. ప్రయాణికులు లేకుండా ఖాళీగా తిరిగినవి దీనికి అదనం. ఒక్కరి సొంత జెట్ అంత తిరగదు, అందుకే ఈ వాటాల విమానం రీసేల్ ధర తక్కువ. పెద్ద తనిఖీ, ఇంజిన్ ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేయడం) దగ్గరపడకముందే కంపెనీలు వదిలించుకోవాలని చూసేదీ ఇందుకే.

అమ్మకం కాగితాల మీద సంతకం పెట్టేముందు రాతపూర్వకంగా తెప్పించుకోండి: ఎయిర్‌ఫ్రేమ్ (ఇంజిన్లు కాక మిగతా విమానం) మొత్తం గంటలు, ఓవర్‌హాల్ తర్వాత ఇంజిన్ గంటలు, గంటల లెక్కన కట్టే ఇంజిన్ మెయింటెనెన్స్ ప్లాన్ బాకీ లేకుండా ఉందా, రీమార్కెటింగ్ ఫీజు (అమ్మిపెట్టినందుకు కంపెనీ తీసుకునేది) ఎంత శాతం. 'ఫెయిర్ మార్కెట్ వాల్యూ' (మార్కెట్‌లో సరైన ధర) ఎవరు తేలుస్తారో ఒప్పందంలో వెతకండి. స్వతంత్ర అప్రైజర్‌ను (విలువ కట్టే నిపుణుణ్ని) పెట్టుకునే క్లాజ్ ఉంటే దాని గడువు దాటనివ్వకండి. నెలవారీ మేనేజ్‌మెంట్ ఫీజు ఏ తేదీన ఆగుతుందో కూడా రాయించుకోండి, చాలామంది మర్చిపోయేది అదే.