పౌరుడు కానివారి ఫిర్యాదును పోలీసులు తీసుకోనక్కర్లేదా?

ప్రశ్న: మా ఇంట్లో అద్దెకున్న పెద్దాయన కాబూల్‌లో నేర పరిశోధన అధికారిగా పనిచేశారు. 2021లో తాలిబన్లు వచ్చాక దేశం విడిచి వచ్చారు. నగర శివారులో చెత్త ఏరుకుని బతికే రోహింగ్యా కుటుంబాల నుంచి ఒకతను ‘పోలీసులకు పట్టిస్తా’నని బెదిరించి నెలనెలా డబ్బు గుంజుతున్నాడు. ఇవ్వలేదని ఒకరి చెయ్యి విరగ్గొట్టాడు. అందులో పోలీసులకూ వాటా ఉందంటున్నారు. స్టేషన్‌కు వెళితే ‘ఈ దేశంలో మీకు హక్కులేమిటి’ అని పంపేశారు. మా అద్దెదారు ఈ వివరాలన్నీ పుస్తకంలో రాస్తున్నారు. అది తప్పవుతుందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, స్టేషన్‌లో చెప్పిన ఆ మాట తప్పు. రాజ్యాంగం 14, 21 అధికరణాలు రక్షణ ఇచ్చేది ‘పౌరుడి’కి కాదు, ‘వ్యక్తి’కి. 1996లో చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. చెయ్యి విరగ్గొట్టడం తీవ్రగాయం. బెదిరించి డబ్బు తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత 308 సెక్షన్ కింద నేరం. ఇలాంటి నేరాల్లో ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు తీర్పు. నమోదు చేయకపోతే ఫిర్యాదును రాతపూర్వకంగా పోస్టులో డీసీపీకి పంపండి. అక్కడా కదలకపోతే ప్రమాణపత్రం (అఫిడవిట్) జోడించి మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు.

అయితే ఒక ప్రమాదాన్ని మీ దగ్గర దాచలేను. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందంపై సంతకం చేయలేదు. ఐక్యరాజ్యసమితి ఇచ్చే శరణార్థి కార్డు ఉన్నంత మాత్రాన ఇక్కడ నివసించే హక్కు రాదు. 2021లో జమ్మూ రోహింగ్యాల కేసులో సుప్రీంకోర్టు, 14, 21 అధికరణాలు అందరికీ వర్తిస్తాయంటూనే, నిర్ణీత పద్ధతి పాటించి పంపించివేయడాన్ని ఆపలేదు. ఫిర్యాదు చేయడానికి వెళ్లిన మనిషి కాగితాలే ముందు అడగవచ్చు. ఆ కుటుంబాల నోరు నొక్కుతున్నది ఈ భయమే, ఆ వసూలుదారుడి ధైర్యమూ ఇదే.

అందుకే ఫిర్యాదుదారుగా మీరు నిలబడగలరేమో ఆలోచించండి. నేరం గురించి తెలిసిన ఎవరైనా సమాచారం ఇవ్వవచ్చు, బాధితుడే వెళ్లాలని లేదు. కానీ విచారణలో బాధితులు సాక్ష్యం చెప్పక తప్పదు. కాబట్టి వారి కాగితాలు ఒక న్యాయవాదికి చూపించి, వారు సరేనన్నాకే వారి పేర్లు రాయండి. ఫీజు ఇచ్చుకోలేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగవచ్చు.

ఇక ఆ పుస్తకం. చూసినదీ విన్నదీ రాసుకోవడం నేరం కాదు. కానీ ఎవరినైనా పిలిపించి ప్రశ్నించడం, సోదా చేయడం, పోలీసునని చెప్పుకోవడం కూడదు. ప్రభుత్వోద్యోగిగా నటించడం న్యాయ సంహిత 204 సెక్షన్ కింద శిక్షార్హం. పాత అలవాటు కొద్దీ నోరు జారినా ఆయనకే ముప్పు. వీసా అనుమతించకుండా ఈ పనికి డబ్బూ తీసుకోకూడదు. ‘ఫలానా తేదీ సాయంత్రం, ఈ నంబరు బండి, గుడిసెకు ఇంత’ అని తాను కళ్లారా చూసి రాసినది ఒక పుటలో, ఇతరులు చెప్పినది మరో పుటలో పెట్టమనండి. మొదటిదాన్ని ఆయన కోర్టులో చూసి జ్ఞాపకం చేసుకుని చెప్పవచ్చు. రెండోదానికి చెప్పినవారే రావాలి. ఫోన్‌లో తీసిన వీడియోలను చెరపకుండా, కత్తిరించకుండా అలాగే ఉంచండి. వాటికి భారతీయ సాక్ష్య అధినియమం 63 సెక్షన్ ధ్రువపత్రం కావాలి.

పోలీసులకు వాటా ఉందన్నది నిజమైతే 1064కు ఫోన్ చేసి అవినీతి నిరోధక శాఖకు (ఏసీబీ) చెప్పండి. గత్యంతరం లేక లంచం ఇచ్చినవారు 7 రోజుల్లోపు తెలియజేస్తే వారిపై నేరం ఉండదు. ఈ గడువు దాటనివ్వకండి.

మీ సంగతి కూడా ఒకటుంది. విదేశీయుడికి ఇల్లు అద్దెకిచ్చినప్పుడు 24 గంటల్లో ఆయన వివరాలను ఆన్‌లైన్ ఫారంలో నింపి విదేశీయుల నమోదు అధికారికి పంపాలి. ఇంతవరకు నింపకపోతే న్యాయవాదిని అడిగి ముందు ఆ పని చూడండి, లేకపోతే ఎదుటివాడు మొదట పట్టుకునేది దాన్నే. విరిగిన చేతి ఎక్స్‌రే, ఆసుపత్రి చీటీ ఎవరి దగ్గరున్నాయో ఈ రోజే కనుక్కుని, నకళ్లు తీయించి మీ ఇంట్లో పెట్టుకోండి.