కుండీ చెప్పిందల్లా నమ్మకు

చిరంజీవికి ఆశీస్సులు.

పీహెచ్‌డీలో చేరావని, నీటి ఎద్దడిని తట్టుకునే వరి మీద పనిచేస్తావని తెలిసి చాలా సంతోషం. ఏ జన్యువుతో మొదలుపెట్టాలని అడిగావు. అది మీ గైడ్‌తో కూర్చుని తేల్చుకో. నేను ముందు కుండీల సంగతి చెప్తాను.

నా మొదటి పెద్ద తప్పు కుండీల్లోనే జరిగింది. రెండు రకాలు పెంచి నీళ్లు ఆపేశాను. వారం తిరక్కుండానే ఒకటి వాడిపోయింది, రెండోది పచ్చగా నిలబడింది. ఎద్దడిని తట్టుకునే రకం దొరికేసిందని ఎగిరి గంతేశాను. తీరా చూస్తే ఆ పచ్చగా ఉన్నది పొట్టి మొక్క, ఆకులు తక్కువ. కుండీలో ఉన్న కాసిని నీళ్లను పెద్ద మొక్క గబగబా తాగేస్తే, చిన్నదానికి ఇంకా మిగిలి ఉన్నాయి. అంతే! అది అసలు ఎద్దడినే చూడలేదు, ఇక తట్టుకోవడం ఎక్కడిది? ఈ మాట నా బుర్రకెక్కేసరికి ఒక సీజన్ పోయింది.

అందుకని రోజూ కుండీలు తూకం వెయ్యి. తగ్గినంత నీరు లెక్కగా పోసి, అన్నిటినీ ఒకే తేమ దగ్గర ఉంచు. నడుము పడిపోయే పనే, కానీ తప్పదు. లెక్కలు పెన్సిల్‌తో రాసుకో, తడిస్తే సిరా చెదిరిపోతుంది.

ఎంత జాగ్రత్తపడ్డా కుండీలో వేరు గోడకు తగిలి చుట్టలు చుట్టుకుంటుంది. లోతుకు దిగే గుణం అక్కడ తెలియదు. కినాందాంగ్ పతోంగ్ అనే వరి రకం నుంచి, వేర్లను లోతుకు దింపే డీఆర్‌ఓ1 జన్యువును, పైపైనే వేర్లు పరిచే ఐఆర్64 అనే రకంలోకి తెచ్చిన పని 2013లో అచ్చయింది, తప్పక చదువు. వేర్లు నిటారుగా కిందికి దిగితే ఎద్దడిలో దిగుబడి ఎలా నిలిచిందో పొలంలో వేసి చూపించారు.

పొలానికి వెళ్లాక గట్టు పక్క వరసలు కోసి లెక్కలో కలపకు. వాటికి ఎండా, చోటూ ఎక్కువ దొరుకుతాయి. ఆకు ఎండటానికి మార్కులు వేసేటప్పుడు ఏ ప్లాటులో ఏ రకం ఉందో నీకు తెలియకుండా చూసుకో. మనకు ఇష్టమైన రకం మన కంటికి ఎప్పుడూ కాస్త పచ్చగానే కనిపిస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, నీళ్లు బాగా ఉన్న ప్లాటు కూడా పక్కనే పెట్టు. ఎందుకంటావా? ముంపు వరి కథ చూడు. ఎఫ్‌ఆర్13ఎ అనే ఒడిశా రకం మునిగినా బతుకుతుందని దశాబ్దాల ముందే తెలుసు. కానీ దాని దిగుబడి తక్కువ. దానితో సంకరం చేసి తీసిన తొలి రకాలను రైతులు పెద్దగా పట్టించుకోలేదు. 1990లలో ఆ గుణం తొమ్మిదో క్రోమోజోమ్ మీద ఉందని తేలింది, 2006లో సబ్1ఎ జన్యువు చేతికి చిక్కింది. చాలా వరి రకాలు మునిగితే పైకి సాగుతూ ఉన్న శక్తంతా ఖర్చుపెట్టేసుకుంటాయి. సబ్1ఎ ఆ సాగుడును ఆపి, నీరు తీశాక మళ్లీ చిగురించడానికి శక్తిని దాచిపెడుతుంది. ఆ ఒక్క ముక్కనే మార్కర్ల, అంటే జన్యువు జాడ చెప్పే డీఎన్‌ఏ గుర్తుల, సాయంతో స్వర్ణ రకంలోకి తెచ్చారు. 2009లో స్వర్ణ-సబ్1 విడుదలైంది. రెండు వారాల దాకా మునిగినా కోలుకుంటుంది. అయితే నా దృష్టిలో అసలు గొప్పతనం అది కాదు. వరద రాని ఏడు కూడా అది మామూలు స్వర్ణలాగే పండుతుంది. ఎద్దడీ అంతే, ఏటా రాదు కదా, అది వచ్చిన ఏడు కోసం మంచి ఏడు పంటను ఏ రైతు వదులుకుంటాడు?

నువ్వు పంపిన ప్రతిపాదన 2050 నాటి జనాభాతో మొదలైంది. నవ్వొచ్చింది, నేనూ ప్రతి పేపరూ అలాగే మొదలుపెట్టేవాణ్ణి. ఆ పేరా ఉంచుకో, ఫండింగ్ ఇచ్చేవాళ్లకు కావాలి. దాని కింద మాత్రం ఏ దశలో వచ్చే ఎద్దడి గురించి మాట్లాడుతున్నావో రాయి. నారు దశలో తట్టుకున్న రకం పూత దశలో చేతులెత్తేయవచ్చు. పూతప్పుడు నీరు అందకపోతే తాలు గింజలే మిగులుతాయి. ఇది ప్రతిపాదనలో ఎక్కడా లేదు.

వచ్చే నెల తూకాల పుస్తకం పేజీలు ఫొటో తీసి పంపు. గ్రాఫులు తర్వాత చూస్తాను.

ఇట్లు,
మీ మాస్టారు